వాహన సీబీ రేడియో: యాంటెన్నా, గ్రౌండింగు (భిలాయి ప్రాంతం)

సీబీ రేడియో అంటే 27 మెగాహెర్ట్జ్ పరిసరాల్లో పనిచేసే తక్కువ శక్తి వైర్‌లెస్ సెట్టు. టవరు, సిమ్ కార్డు అక్కర్లేదు. రెండు బండ్ల మధ్య కొద్ది కిలోమీటర్ల దూరం నేరుగా మాట్లాడుకోవచ్చు. ఈ బ్యాండులో అమెరికాలో 1958లో మొదలైన ఈ సేవ 1970లలో అక్కడి లారీ డ్రైవర్ల వల్ల ప్రపంచమంతటా పేరు తెచ్చుకుంది. భారతదేశంలో 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు, 5 వాట్ల ప్రసార శక్తికి మించకుండా, లైసెన్సు లేకుండా వాడుకునే వీలు 2005లో కలిగింది. అప్పటికే సెల్‌ఫోను చేతికి రావడంతో మన రోడ్ల మీద సీబీ పెద్దగా పాకలేదు.

అయినా భిలాయి లాంటి చోట దీనికి పని ఉంది. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన నాటి నుంచి ఈ ఉక్కు నగరానికి ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. సొంతూళ్లకు కార్లలో వెళ్లేవారికి రాయ్‌పూర్, ధమ్తరి, కాంకేర్, కేశ్‌కాల్ ఘాట్, జగదల్‌పూర్, కోరాపుట్ మీదుగా విశాఖ వైపు దారి ఉంది. దారిలో అడవి, ఘాటు రోడ్లు ఎక్కువ. ఫోను సిగ్నలు అందని చోట ముందు బండి వెనక బండికి కబురు చెప్పాలంటే సీబీ ఇప్పటికీ నమ్మదగిన సాధనం. అయితే సెట్టు ఎంత మంచిదైనా యాంటెన్నా బిగింపు సరిగా లేకపోతే మాట పక్క వీధి దాటదు.

బండి బాడీయే యాంటెన్నాలో సగం

27.12 మెగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం సుమారు 11 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే సుమారు 2.7 మీటర్ల కడ్డీ, సహజంగా శ్రుతి కుదిరే పొడవు. కారు మీద అంత పొడవు కష్టం కాబట్టి మార్కెట్లో దొరికేవి ఎక్కువగా మీటరు, మీటరున్నర కడ్డీలు. మిగతా పొడవు లోటును అడుగున చుట్టిన కాయిల్ తీరుస్తుంది. ఆ కడ్డీ సగం యాంటెన్నా మాత్రమే. కడ్డీలోకి ఎంత కరెంటు ఎక్కుతుందో అంత కరెంటూ బండి బాడీ మీదుగా తిరిగి రావాలి. గ్రౌండ్ ప్లేన్ అనేది ఈ లోహపు పరుపునే.

పొట్టి యాంటెన్నా చేసే అసలు నష్టం ఇక్కడే తెలుస్తుంది. పూర్తి పావు తరంగం కడ్డీకి ప్రసార నిరోధం (గాలిలోకి వెళ్లే శక్తిని సూచించే నిరోధం) 36 ఓములుంటే, అడుగున కాయిల్ ఉన్న 1.2 మీటర్ల కడ్డీకి అది 5 ఓముల దగ్గరకు పడిపోతుంది. కాయిల్‌లో, బాడీ అతుకుల్లో కలిపి 15 ఓముల నష్టం ఉందనుకుందాం. సెట్టు ఇచ్చే 4 వాట్లలో గాలిలోకి వెళ్లేది ఒక్క వాటే, మిగతా మూడూ వేడిగా పోతాయి. అదే నష్టాన్ని 5 ఓములకు తగ్గిస్తే ప్రసారం రెండు వాట్లకు పెరుగుతుంది. డబ్బు ఖర్చు పెట్టి సెట్టు మార్చడం కన్నా ఈ పని ఎంతో మేలు. పైగా చట్టం గీసిన 5 వాట్ల గీతా దాటదు.

మల్టీమీటరు బాడీకి సున్నా ఓములు చూపింది కాబట్టి ఎర్తింగు బాగుందని చాలామంది మెకానిక్కులు ఊరుకుంటారు. డీసీకి అది నిజమే. 27 మెగాహెర్ట్జ్‌కు మాత్రం 30 సెంటీమీటర్ల మామూలు తీగే సుమారు 50 ఓముల అడ్డంకి, ఎందుకంటే తీగకు ఉండే ప్రేరకత్వం వల్ల కలిగే అడ్డంకి పౌనఃపున్యంతో పాటు పెరుగుతుంది. అందుకే తీగ పొట్టిగా, వెడల్పుగా ఉండాలి. ఇంజిన్‌కు వాడే చదును రాగి అల్లిక పట్టీ ఇందుకు సరిపోతుంది. బానెట్టు, డిక్కీ మూతలు మడతబందుల మీదే బాడీకి ఆనుతాయి, ఆ బందుల్లో గ్రీజు ఉంటుంది. లారీ క్యాబిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. ఇలాంటి భాగాలను ఛాసిస్‌కు పట్టీలతో కలిపితే తేడా మొదటి రోజే వినిపిస్తుంది.

పట్టీ బిగించే పద్ధతి చిన్నదే, ఓపిక కావాలి. బోల్టు చుట్టూ రూపాయి బిళ్లంత మేర ఎమెరీ పేపరుతో పెయింటు పూర్తిగా గీకాలి, మెరిసే ఉక్కు కనిపించాలి. పట్టీ కొనన ఉండే లగ్గు కింద పళ్ల వాషరు వేసి బిగించి, ఆ తర్వాతే పైన గ్రీజు గానీ పెయింటు గానీ పూయాలి. ముందే పూస్తే లోహానికి లోహం ఆనదు. వానాకాలం దాటాక ఒకసారి విప్పి తుప్పు చూసుకోవాలి. కేబుల్ కొనల్లోకి నీరు దిగకుండా రబ్బరు టేపు చుట్టాలి.

స్థానం, శ్రుతి, రణగొణ

కప్పు నడుమ బిగించిన యాంటెన్నా అన్ని వైపులకూ సమంగా ప్రసరిస్తుంది. వెనక మూలన పెడితే బాడీ ఎక్కువగా ఉన్న దిక్కుకే, అంటే ముందువైపుకే బలం. అయస్కాంతపు అడుగు రంధ్రం అడగదు గాని, పెయింటు మీదుగా కెపాసిటర్ లాగా మాత్రమే బాడీకి కలుస్తుంది. అల్యూమినియం కప్పుకు అసలు అంటుకోదు.

శ్రుతి సరిచూసేది ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు. యాంటెన్నా నుంచి సెట్టుకు ఎంత శక్తి వెనక్కి వస్తోందో దాని అంకె చెబుతుంది. విదేశీ సెట్లలో 40 చానళ్లుంటాయి. వాటిలో 1 నుంచి 27 వరకే మన బ్యాండులో పడతాయి, 28వది 27.285 కాబట్టి హద్దు దాటుతుంది. బండిని చెట్లకు, గోడలకు దూరంగా నిలిపి, తలుపులు మూసి, 1, 27 చానళ్లలో చూడాలి. 1లో ఎక్కువ చూపితే కడ్డీ పొట్టి, 27లో ఎక్కువైతే పొడవు. మీటరు అంకె 1.5 అంటే వెనక్కి వచ్చే శక్తి 4 శాతమే, 3 అయితే 25 శాతం. ఈ అంకెనే దైవంగా కొలవడం పొరపాటు. నష్టం ఎక్కువున్న గ్రౌండింగు కూడా మీటరులో చక్కటి అంకె చూపగలదు. ఎర్తింగు బాగుచేశాక అంకె కాస్త పెరిగిందంటే అది శుభసూచకమే కావచ్చు. అప్పుడు కడ్డీని మళ్లీ సరిచేయాలి.

కరెంటును బ్యాటరీ నుంచే, ఫ్యూజు దాని దగ్గరే ఉండేలా తీసుకోవాలి. లారీలది 24 వోల్టులు, సెట్టుది 12. రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచే తీసుకుంటే ఛార్జింగు సమతుల్యం చెడుతుంది, కన్వర్టరు వాడాలి. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ రొద లేకున్నా, ఆల్టర్నేటరు ఈల, నాసిరకం కన్వర్టర్లు, ఎల్‌ఈడీ లైట్లు, ఫోను ఛార్జర్లు రిసీవరును ముంచెత్తుతాయి. ఫెర్రైటు ఉంగరాలు వాటిని చాలావరకు అణుస్తాయి. బయటి నుంచీ రొద వస్తుంది. ఈ బ్యాండు పరిశ్రమల్లో ప్లాస్టిక్కును వేడి చేసి అతికించే యంత్రాలకూ కేటాయించినదే.

అనుమతులు, ప్రమాదాలు

సెట్టుకు వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం ఆమోదం ఉండాలి. బయటి యాంటెన్నాకూ అది వర్తిస్తుందో లేదో బిగించకముందే చూసుకోవాలి. కర్మాగారం ఆవరణలో యాజమాన్యం అనుమతి లేకుండా ప్రసారం చేయకూడదు. క్రేన్ల రిమోట్లకు కేటాయించిన 335 మెగాహెర్ట్జ్ వేరే బ్యాండే అయినా, దగ్గరి నుంచి వచ్చే ప్రసారం ఏ కంట్రోల్ సర్క్యూట్‌నైనా కలవరపెట్టవచ్చు.

నందిని సున్నపురాయి గని, దల్లీ రాజ్‌హరా ఇనుప గనుల పరిసరాల్లో పేలుళ్లు జరిగేచోట సెట్టును పూర్తిగా ఆపేయాలి. అక్కడ విద్యుత్ డిటోనేటర్లు ఉంటే వాటి తీగలు యాంటెన్నాలా పనిచేసి, దగ్గరి ప్రసారానికే అవి పేలే ప్రమాదం ఉంది. రైలు గేట్ల వద్ద మరో జాగ్రత్త కావాలి. భిలాయి మీదుగా వెళ్లే హౌరా–ముంబయి మార్గంలో తలపైన 25 వేల వోల్టుల తీగ ఉంటుంది, గేటు ముందు ఎత్తు కమాను 4.67 మీటర్లకు కట్టి ఉంటుంది. 3 మీటర్ల క్యాబిన్ మీద పూర్తి పావు తరంగం కడ్డీ నిలబెడితే అది ఆ కమానును దాటిపోతుంది. కాబట్టి లారీలకు పొట్టి కడ్డీయే బిగించాలి, లేదా గేటుకు ముందే కడ్డీని వంచి కట్టుకోవాలి.