డయాలసిస్‌లో ఊపిరి పాత్ర

డయాలసిస్ కథను కిడ్నీల కథగానే చెప్పుకోవడం మనకు అలవాటు. కానీ రక్తంలో ఆమ్లాన్నీ క్షారాన్నీ సరితూకంలో ఉంచే బాధ్యత కిడ్నీలదీ ఊపిరితిత్తులదీ ఉమ్మడిది. ఊపిరితిత్తులు ఆమ్లాన్ని పెంచే కార్బన్ డై ఆక్సైడ్‌ను నిమిషాల్లో బయటికి పంపుతాయి. కిడ్నీలు క్షారమైన బైకార్బొనేట్‌ను రోజుల తరబడి సర్దుతాయి. అలా రక్తం పీహెచ్ 7.35, 7.45 నడుమ నిలుస్తుంది. కిడ్నీలూ ఊపిరితిత్తులూ రెండూ దెబ్బతిన్న మనిషికి డయాలసిస్ చేయడం ఎంత సున్నితమైన పనో ఆ వైద్యం నడిచివచ్చిన దారే చెబుతుంది.

దక్షిణ రాయలసీమలో ముందుగా వేళ్లూనుకున్నది ఊపిరితిత్తుల వైద్యం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ శానటోరియం 1915లో మొదలైంది. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దాన్ని తీర్చిదిద్దారు. 1948లో బీసీజీ టీకాల పనికి మన దేశంలో తొలి కేంద్రాల్లో అదొకటి. క్షయ నయమైనా కొందరి ఊపిరితిత్తుల్లో మచ్చలు మిగిలిపోతాయి. కట్టెల పొయ్యి పొగ, బీడీ పొగ వాటికి తోడవుతాయి. అలాంటి ఊపిరితిత్తులతోనే కొందరు ఈనాడు డయాలసిస్‌కు వస్తున్నారు.

ఇక డయాలసిస్ సంగతికొస్తే, నెదర్లాండ్స్‌లోని కాంపెన్‌లో 1943లో విలెమ్ కోల్ఫ్ తయారుచేసిన డయాలసిస్ యంత్రంలో బైకార్బొనేట్ కలిపిన ద్రవమే వాడారు. చిక్కేమిటంటే, అది కాల్షియంతో కలిసి గడ్డకట్టేది. దాన్ని ఆపడానికి ద్రవంలోకి కార్బన్ డై ఆక్సైడ్ పంపాల్సి వచ్చేది. 1964లో సియాటిల్‌లో షార్ల్ మియోన్, బెల్డింగ్ స్క్రిబ్నర్ బృందం బైకార్బొనేట్ స్థానంలో అసిటేట్ వాడింది. అసిటేట్ ద్రవం గడ్డకట్టదు, నిల్వ చేయడం తేలిక. ఒంట్లోకి చేరాక అదే బైకార్బొనేట్‌గా మారుతుంది. దాదాపు రెండు దశాబ్దాలు అదే రాజ్యమేలింది.

ఆ సౌకర్యం భారం ఊపిరి మీద పడింది. రక్తంలోని కార్బన్ డై ఆక్సైడ్, బైకార్బొనేట్ అసిటేట్ ద్రవంలోకి జారిపోయేవి. దాంతో శ్వాస మందగించి, రక్తంలో ఆక్సిజన్ తగ్గేది. ఆనాటి డయాలసిస్ యంత్రాల్లోని సెల్యులోజ్ పొరను తాకిన తెల్లకణాలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పేరుకుంటున్నాయని 1977లో తేలింది. మంచి ఊపిరితిత్తులు ఈ ఆక్సిజన్ తగ్గుదలను తట్టుకున్నాయి. అప్పటికే ఆయాసపడుతున్న వారికది ప్రమాదమైంది.

1980లలో యంత్రాలు రెండు క్యాన్ల ద్రవాలను అప్పటికప్పుడు కలపడం నేర్చాయి. ‘ఎ’ క్యాన్‌లో ఆమ్లం, కాల్షియం. ‘బి’ క్యాన్‌లో బైకార్బొనేట్. అలా బైకార్బొనేట్ తిరిగి వచ్చింది, పాత కష్టాలు చాలావరకు తీరాయి. అయితే ఆ రెండూ కలిసినప్పుడు కార్బన్ డై ఆక్సైడ్ పుడుతుంది. కొంత రక్తంలోకీ చేరుతుంది. మామూలు మనిషి కాస్త ఎక్కువ ఊపిరి తీసి దాన్ని వదిలేస్తాడు. సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవారిలో అది పేరుకుని మగత, తలనొప్పి రావచ్చు. మరోవైపు, ఇలాంటి రోగుల్లో పేరుకున్న కార్బన్ డై ఆక్సైడ్‌కు విరుగుడుగా బైకార్బొనేట్ పెంచాల్సిన కిడ్నీలు పనిచేయవు. ఆ విరుగుడు ఇక డయాలసిస్ ద్రవం నుంచే రావాలి. తక్కువైతే రక్తం ఆమ్లమవుతుంది, ఎక్కువైతే క్షారం పెరిగి శ్వాస ఇంకా మందగిస్తుంది. ‘ఎ’ క్యాన్ ఆమ్లంతో వచ్చే అసిటేట్‌ను కూడా లెక్కలోకి తీసుకోకపోతే క్షారం మోతాదు మించుతుందని 2012లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరించింది.

ఇక మన ప్రాంతానికి వస్తే, చిత్తూరు జిల్లావాసులకు చాలాకాలం కిడ్నీ వైద్యమంటే వేలూరు సీఎంసీ ఆసుపత్రే. 1960ల తొలినాళ్లలో అక్కడ డయాలసిస్, 1971లో కిడ్నీ మార్పిడి జరిగాయి. 1993లో తిరుపతిలో టీటీడీ ఆధ్వర్యంలో స్విమ్స్ ఆసుపత్రి సేవలు మొదలయ్యాయి. 2007లో ఆరోగ్యశ్రీ పథకం, 2016లో జాతీయ డయాలసిస్ కార్యక్రమం వచ్చి పేదవారికి కొంత ఊరటనిచ్చాయి.

యంత్రం దగ్గరికి వచ్చింది కాబట్టి ఇక శ్రద్ధ కూడా దగ్గరికి రావాలి. ఊపిరితిత్తుల జబ్బున్న ప్రతి రోగికీ ఒకే మోతాదు బైకార్బొనేట్ సరిపడదు. కిడ్నీ డాక్టరు, ఊపిరితిత్తుల డాక్టరు కలిసి రక్తవాయువుల పరీక్ష చూసి దాన్ని నిర్ణయించాలి. పాత క్షయ, ఆయాసం, ఇన్‌హేలర్ వాడకం గురించి ఇంటివాళ్లు డయాలసిస్ సిబ్బందికి మొదటిరోజే చెప్పాలి. అడగలేదని ఊరుకోకూడదు.