షిఫ్ట్, కంట్రోల్, దో చష్మీ హే

ఉర్దూ ఖాయిదాలో ఒక హర్ఫ్ ఉంది, దో చష్మీ హే. రెండు కళ్ల హే అని దానర్థం. చూడ్డానికి కళ్లజోడులాగే ఉంటుంది. దానికి సొంత గొంతు లేదు, ఏ లఫ్జూ దానితో మొదలుకాదు. బే పక్కన కూర్చుంటే ‘భ’, కాఫ్ పక్కన కూర్చుంటే ‘ఖ’, గాఫ్ పక్కనైతే ‘ఘ’. పక్కవాడి ఆవాజ్ మార్చడమే దాని పని.

కంప్యూటర్ కీబోర్డు మీద ఇదే ఖాందాన్ వాళ్లు ముగ్గురున్నారు: షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్. ఉత్తగా నొక్కితే ఖామోష్. ఇంకో మీట తోడైతే దాని మతలబే మారిపోతుంది. కాకపోతే ఒక ఫరక్ ఉంది. దో చష్మీ హేని అసలు హర్ఫ్ రాశాక, దాని తర్వాత రాస్తాం. షిఫ్ట్‌ని మాత్రం పట్టుకునే ఉండాలి, వదిలితే ఖతం. ఈ పట్టుకుని ఉండే రివాజు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి మీద బోజాగా పడింది? ఈ తారీఖ్‌లో నాకు కావాల్సిన కిస్సా అదే.

మొదలు పెట్టాల్సింది టైప్‌రైటర్ నుంచి. 1874లో రెమింగ్టన్ కంపెనీ బజారులోకి తెచ్చిన మొదటి మెషీన్‌కి ఇంగ్లీషు పెద్దక్షరాలు తప్ప వేరే రావు. చిన్నవి కూడా కావాలంటే మీటలు దాదాపు రెట్టింపు చేయాలి. కాలిగ్రాఫ్ అనే పోటీ మెషీన్ నిజంగా అదే చేసింది, పెద్ద ‘ఎ’కి ఒక మీట, చిన్న ‘ఎ’కి ఇంకో మీట. రెమింగ్టన్ వాళ్లది వేరే దిమాగ్. 1878లో వచ్చిన రెండో నంబర్ మోడల్‌లో ఒక్కో కడ్డీ చివర రెండక్షరాలు, పెద్దదీ చిన్నదీ. షిఫ్ట్ నొక్కితే కాగితం చుట్టిన క్యారేజే జరిగేది, అప్పుడు కాగితానికి తగిలేది రెండో అక్షరం. షిఫ్ట్ అంటే జరపడం. పేరు పెట్టినవాళ్లు ఉన్న మాటే పెట్టారు.

అంత బరువును జరిపి ఉంచింది వేలే. వేలు తీస్తే క్యారేజ్ తన జాగాకి వెళ్లిపోయేది. అందుకే పట్టుకోవాల్సి వచ్చింది. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ పాసైనవాళ్లకు చిటికెనవేలి నొప్పి ఇప్పటికీ యాదుంటుంది. 1961లో ఐబీఎం సెలెక్ట్రిక్ వచ్చాక కడ్డీలు పోయి అక్షరాల గోళీ ఒకటి వచ్చింది. షిఫ్ట్ నొక్కితే అది సగం చుట్టు తిరిగేది. జరిగే వస్తువు లేకపోయినా నామ్ నిషాన్ మాత్రం మిగిలాయి, పట్టుకోవడం కూడా.

కంట్రోల్ పుట్టింది దూరానికి ఖబర్ పంపే టెలీటైప్ మెషీన్ల మీద. అక్కడ అక్షరాలతోపాటు అవతలి మెషీన్‌కి హుకుంలు కూడా పంపాలి. గంట కొట్టు, కాగితం ఎక్కించు, లైను మొదటికి రా. 1963లో ఆస్కీ అనే కోడ్ వచ్చింది. అందులో మొదటి 32 నంబర్లు అక్షరాలకు కాదు, ఈ హుకుంలకు. పెద్ద ‘జీ’ నంబరు 71. కంట్రోల్ పట్టుకుని జీ నొక్కితే అందులోంచి 64 తీసేస్తుంది, మిగిలేది 7. ఏడు అంటే గంట. అవతలి ఊళ్లో నిజంగానే గంట మోగేది. ‘ఎమ్’ 77, అరవై నాలుగు పోతే 13, అంటే లైను మొదటికి రమ్మని. ఇంత సాఫ్‌గా ఉన్న హిసాబ్ కంప్యూటర్ల దునియాలో తక్కువ. ‘ఎస్’తో కలిస్తే 19, అది ఆగమని చెప్పే హుకుం. ఈ రోజుకీ లినక్స్ టెర్మినల్‌లో అలవాటుకొద్దీ కంట్రోల్ ఎస్ కొట్టినవాడి ముందు స్క్రీన్ బిగుసుకుపోతుంది. బేచారా, సేవ్ చేశాననుకుంటాడు. కంట్రోల్ క్యూ కొడితే మళ్లీ కదులుతుంది.

ఆ కోడ్‌లోనే ఇంకో మీట ఉంది, ఎస్కేప్. ఐబీఎంలో పనిచేసిన బాబ్ బెమర్ దిమాగ్‌లోంచి వచ్చింది. దాని మతలబ్ పారిపొమ్మని కాదు. ‘నా తర్వాత వచ్చేదాన్ని మామూలు అర్థంలో తీసుకోకు’ అని. ముందు ఎస్కేప్ నొక్కి వదిలేయాలి, తర్వాత ఇంకోటి నొక్కాలి. పట్టుకోనక్కర్లేదు. దో చష్మీ హే వెనకొస్తుంది, ఇది ముందొస్తుంది, అంతే తేడా.

కానీ జమానా పట్టుకునే మీటల వైపే నడిచింది. స్టాన్‌ఫోర్డ్‌లో మెటా అనే మీట పుట్టింది. ఎమ్ఐటీలో లిస్ప్ మెషీన్ల కోసం చేసిన స్పేస్ కెడెట్ కీబోర్డు మీద మార్చే మీటలు ఏడు రకాలు: కంట్రోల్, మెటా, సూపర్, హైపర్, షిఫ్ట్, ఇంకా గణిత చిహ్నాలకు ఒకటి, గ్రీకు హురూఫ్‌కి ఒకటి. నాకైతే అది హార్మోనియం లాగే కనిపిస్తుంది. 1976లో అక్కడే మొదలైన ఈమాక్స్ ఎడిటర్‌ని ఈ కంట్రోల్, మెటా జోడీల మీదే కట్టారు. మెటా రాసి ఉన్న కీబోర్డు ఇప్పుడు షాపుల్లో దొరకదు గానీ, ఈమాక్స్ కితాబుల్లో మెటా ఇంకా జిందా. మన ఆల్ట్ దానికి బదులు నడుస్తోంది. ఆల్ట్ కూడా కుదరకపోతే ఎస్కేప్ నొక్కి వదిలి, తర్వాత అక్షరం నొక్కినా పని జరుగుతుంది.

1981లో వచ్చిన ఐబీఎం పీసీ కీబోర్డు 83 మీటలది. కంట్రోల్, ఆల్ట్ ఒక్కొక్కటే, రెండూ ఎడమవైపు. డెలీట్ కుడివైపు మూలన. మెషీన్‌ని మళ్లీ మొదలుపెట్టే జోడీని డేవిడ్ బ్రాడ్లీ అనే ఇంజినీరు మొదట కంట్రోల్, ఆల్ట్, ఎస్కేప్‌గా పెట్టాడు. ఒక్క చెయ్యి పొరపాటున తగిలినా రాసిందంతా గల్లంతయ్యేలా ఉందని ఎస్కేప్ తీసేసి డెలీట్ పెట్టారు. రెండు చేతులూ లేకుండా నొక్కలేకపోవడమే దాని హిఫాజత్. తర్వాత వచ్చిన 101 మీటల కీబోర్డులో కుడివైపూ కంట్రోల్, ఆల్ట్ వచ్చాయి. కానీ ‘ఎ’ పక్కనున్న కంట్రోల్‌ని కింది మూలకి తోసి, ఆ ఖరీదైన జాగాని క్యాప్స్ లాక్‌కి ఇచ్చారు. పెద్దక్షరం, చిన్నక్షరం అనే భేదమే లేని ఉర్దూ, తెలుగు రాసే నాలాంటివాడికి ఆ మీట అద్దె కట్టని కిరాయిదారు.

మరి ఆ భేదం లేని లిపుల్లో షిఫ్ట్‌తో ఏం చేయాలి? 1986లో మన ఎలక్ట్రానిక్స్ శాఖ ఇన్‌స్క్రిప్ట్ అనే ఏర్పాటు ఖరారు చేసింది. తెలుగు, హిందీ, బెంగాలీ అన్నిటికీ ఒకే నక్షా. అందులో ‘క’ మీట మీద షిఫ్ట్ పడితే ‘ఖ’, ‘గ’ మీద పడితే ‘ఘ’, ‘బ’ మీద పడితే ‘భ’. గుణింతపు గుర్తు మీద షిఫ్ట్ పడితే పూర్తి అచ్చు. మొదటిసారి ఇది చూసినప్పుడు నవ్వొచ్చింది. ఇంగ్లీషు పెద్దక్షరాల కోసం పుట్టిన మీటకు మన సర్కారు దో చష్మీ హే నౌకరీ ఇచ్చింది! తెలివైన పని, నాకు చాలా పసంద్.

అయితే పట్టుకోవడం దానితోపాటే వచ్చింది. నేను పనిచేసిన ఒక పత్రికలో డీటీపీ ఆపరేటర్ భాయ్ ఉండేవాడు. పోలియో వల్ల ఎడమ చెయ్యి లేవదు. ఒత్తక్షరం వచ్చినప్పుడల్లా షిఫ్ట్ మీద పేపర్‌వెయిట్ పెట్టి, అక్షరం కొట్టి, తీసేవాడు. అయినా డెస్క్‌లో అందరికన్నా తప్పులు తక్కువ. షిఫ్ట్‌ని ఐదుసార్లు నొక్కితే స్క్రీన్ మీదొక డబ్బా వస్తుంది, స్టిక్కీ కీస్ అని. మేమంతా దాన్ని చిరాగ్గా మూసేసేవాళ్లం. దాన్ని పూర్తిగా చదివి ‘యెస్’ కొట్టింది ఆయనొక్కడే. ఆ రోజు నుంచి షిఫ్ట్ నొక్కి వదిలేసి, తర్వాత అక్షరం కొట్టేవాడు. పేపర్‌వెయిట్ మళ్లీ కాగితాల మీదికి వెళ్లింది.

ఆ డబ్బా వెనక అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీ ట్రేస్ సెంటర్ మెహనత్ ఉంది. ఒక్క చేత్తోనో, నోట్లో కర్ర పెట్టుకునో టైపు చేసేవాళ్ల కోసం గ్రెగ్ వాండర్‌హైడెన్, ఆయన సాథీలు చేసిన పని అది. 1980లలో ఆపిల్ మెషీన్లలోకి, తర్వాత విండోస్ 95లోకి నేరుగా ఎక్కింది. ఎలక్ట్రానిక్ కీబోర్డులో షిఫ్ట్ దేన్నీ మోయడం లేదు కాబట్టి, పట్టుకోవాల్సిన మజ్బూరీ ఎప్పుడో పోయిందని వాళ్లు గుర్తుపట్టారు.

ఇప్పుడు జేబులో ఉన్న ఫోన్ తీసి చూడండి. ఇంగ్లీషు కీబోర్డులో షిఫ్ట్ బాణాన్ని బొటనవేలితో ఒకసారి తాకి వదిలేస్తాం, తర్వాత అక్షరం తాకితే పెద్దది పడుతుంది. పట్టుకోవాలని ఎవరికీ ఖయాల్ కూడా రాదు.