మందుకొట్టు నుండి పిస్తోలు పిడి వరకు

ఈ సంచిక చేతిలో ఉన్న పాఠకులు దీనిని మేగజైను అంటారు. పోలీసు అధికారి నడుమున వ్రేలాడే పిస్తోలు పిడిలోనికి దూర్చే ఇనుప పెట్టె పేరు కూడ మేగజైనే. ఈ రెండింటికీ ఒకే మాట ఎట్లు అమరినదని అడిగేవారు కలరు. అరబ్బీలో మఖ్జన్ అనగా కొట్టు, గిడ్డంగి. మనము నిత్యము వాడే ఖజానా అన్న మాటకు కూడ అదే ధాతువు. ఆ మాట మధ్యధరా రేవుల మీదుగా ఇటలీకి, ఫ్రాన్సుకు, ఇంగ్లండుకు ప్రయాణము చేసినది. కోటలలో తుపాకిమందు దాచే కొట్టుకు అదే పేరైనది. 1731లో లండనులో ఎడ్వర్డ్ కేవ్ అనే ఆయన తన పత్రికకు జెంటిల్‌మన్స్ మేగజైన్ అని నామకరణము చేసినాడు. అది విషయముల గిడ్డంగి అని ఆయన భావము.

పత్రికల సంగతి అటుంచి, మందుకొట్టు సంగతి చూతము. అది కోటలో నుండి బయలుదేరి తుపాకిలోనికి, అక్కడి నుండి పిస్తోలు పిడిలోనికి చేరుటకు రమారమి నూటయాభై ఏండ్లు పట్టినది. ఆ దారి పొడుగునా ఒక చిక్కు దానిని వెన్నంటి వచ్చినది. ఆయుధము ఒకరిది, దానికి మేత పెట్టే కొట్టు మరియొకరిది అయినప్పుడు ఆ కొట్టును ఎంతవరకు నమ్మవచ్చును? నేడు పిస్తోలు ఒక కంపెనీదిగా, దాని మేగజైను వేరొక కంపెనీదిగా ఉన్నప్పుడు ఆయుధశాలలో వేసుకొనే ప్రశ్న కూడ ఇదే. దీనికి పూర్వోదాహరణము కొరకు దూరము పోనక్కరలేదు. మన బందరు కోటయే ఉన్నది.

శ్రీకాకుళము, ఘంటసాల ప్రాంతముల వారికి బందరు పరాయి ఊరు కాదు. కళింగ దండయాత్ర దారిలో శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును కృష్ణదేవరాయలు సేవించుకొన్నది ఈ సీమలోనే. ఆయన కాలానికే మన సైన్యములకు మందు వాసన తెలిసినది. 1520లో రాయచూరు ముట్టడిలో రాయల పక్షమున పోర్చుగీసు తుపాకిదారులు పోరాడినారు. ఏనుగుల లెక్క చూచుకొనే రాజులు నాటి నుండి మందు బస్తాల లెక్క కూడ చూచుకొనవలసి వచ్చినది. ఆ లెక్క ఎంత నిక్కచ్చిదో బందరులో 1759లో తేలినది.

అప్పుడు ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి చేతిలో ఉన్నవి. విజయనగర ప్రభువు ఆనందగజపతిరాజు వారిని వెడలగొట్టుటకు ఇంగ్లీషువారిని పిలిచినాడు. క్లైవు బెంగాలు నుండి కర్నల్ ఫోర్డును పంపినాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫోర్డు గెలిచినాడు. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్సు వెనుకకు తగ్గి బందరు కోటలో దూరినాడు. 1759 మార్చి 6న ఫోర్డు కోట ముందు దిగినాడు. కోట చుట్టూ ఉప్పుటేళ్ళు, బురద. లోపల 120 ఫిరంగులు. ముట్టడించిన వారి కంటె లోపల ఉన్నవారే ఎక్కువ. ఇది చాలక, జీతములు అందలేదని, కొల్లసొమ్ములో వాటా దక్కలేదని ఫోర్డు తెల్ల సిపాయిలు మార్చిలో ఎదురుతిరిగినారు కూడ. రాబోయే కొల్లసొమ్ములో వాటా ఇప్పించెదనని ఆయన వారిని బుజ్జగించవలసి వచ్చినది.

మార్చి 25 నుండి ఫిరంగులు కోటను కొట్టినవి. పగలు పడిన గోడను ఫ్రెంచివారు రాత్రి కట్టుకొనేవారు. ఏప్రిల్ 7వ తేదీన ఫోర్డుకు రెండు వార్తలు అందినవి. నిజాము సలాబత్ జంగు సేన బెజవాడ దిక్కు నుండి వచ్చుచున్నదన్నది మొదటిది. ఫిరంగులకు రెండు రోజులకు మించి మందు లేదని ఫిరంగి అధికారులు చెప్పినది రెండవది. మొదటి వార్తకు ఉపాయము వెదకవచ్చును, రెండవదానికి ఉపాయమేమున్నది? ఆ రాత్రియే కోటపై లగ్గకు ఆజ్ఞ అయినది. 346 మంది యూరోపియనులు, 1400 మంది సిపాయిలు ఈశాన్య బురుజు మీదికి నడిచినారు. దృష్టి మరల్చుటకు కెప్టెన్ నాక్సు నైరుతి బురద నుండి, ఆనందరాజు మనుష్యులు ద్వారము వైపు నుండి వేరుగా కాల్పులు జరిపినారు.

మేము చెప్పదలచినది ఇక్కడ ఉన్నది. కెప్టెన్ యార్కు తన మందితో కోటగోడ మీదికి ఎక్కి, ముందుకు దూసుకొని పోవుచుండగా, గోడకు చేరువగా ఒక చిన్న ఇటుక కట్టడము కనబడినది. అది బురుజులకు ఏ పూటకాపూట మందు అందించే కొట్టు. యార్కు మనుష్యులలో ఒకడు దానిలో మందును చూచి, 'సురంగము! సురంగము!' అని అరచినాడు. తమ కాళ్ళ క్రింద కోట పేలిపోవునని అందరికీ తోచినది. క్షణము క్రితము వరకు గుండ్లకు జంకని మనుష్యులు ఆ కొట్టును చూచి వెనుకకు పరుగెత్తినారు. యార్కు దగ్గర ఇద్దరు నల్లజాతి పిల్లలు, తంబూరులు వాయించేవారు, మాత్రమే మిగిలినారు. వారు వాయించుట మానలేదు. యార్కు వెనుకకు పోయి, తిట్టి, బెదరించి, తుదకు 36 మందిని మరల పోగుచేసికొన్నాడు. ఈ లోపల ఫ్రెంచివారు ఒక ఫిరంగికి చిల్లగుండ్లు దట్టించుటకు వ్యవధి దొరికినది. ఆ ఒక్క దెబ్బకు పలువురు కూలినారు; యార్కు రెండు తొడలలో గుండ్లు దిగినవి; ఆ పిల్లలిద్దరూ అక్కడికక్కడే మరణించినారు. రాబర్ట్ ఆర్మ్ వ్రాసిన చరిత్రలో బురుజులకు కూడ పేర్లున్నవి. ఆ పిల్లల పేర్లు లేవు.

ఆ కొట్టు శత్రువుది. దానిలో ఏమున్నదో, ఎట్లున్నదో వారికి తెలియదు. తెలియని కొట్టు చేసిన చెరుపు అది. తమ సొంత కొట్టు రెండు రోజులలో అడుగంటుట మరియొక చెరుపు. రెండింటి నడుమ ఆ రాత్రి ఎట్లో గడచి, తెల్లవారే సరికి కాన్‌ఫ్లాన్సు లొంగిపోయినాడు. లోపల ఉన్నవారిలో 500 మంది యూరోపియనులు, 2500కు పైగా సిపాయిలు, తదితరులు పట్టుబడినారు. ఇంగ్లీషు పక్షమున 22 మంది యూరోపియనులు, 50 మంది సిపాయిలు చనిపోయినారు. మరి ఒక్క వారము ఆగినచో కథ వేరుగా ఉండేది. ఏప్రిల్ 15న ఫ్రెంచివారి సహాయ నౌకలు బందరు ముందు కనబడినవి. మే 14న సలాబత్ జంగు సంధి చేసికొని బందరు సీమను ఇంగ్లీషువారికి వదలినాడు. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయిన తరువాత కోటకు సైనిక ప్రాముఖ్యము తొలగినది. శిథిలములు నేటికీ ఉన్నవి.

ఆ కాలపు తుపాకికి కొట్టు లేదు. సిపాయి తన సంచిలోని కాగితపు తూటాను పంటితో కొరికి, మందును గొట్టములో పోసి, గుండు దట్టించేవాడు. 1857లో ఎన్‌ఫీల్డు తూటాకు పూసిన కొవ్వు ఏ జంతువుదో అన్న అనుమానము ఎంత దూరము పోయినదో వేరుగా చెప్పనక్కరలేదు. అది మతాచారమునకు సంబంధించిన భయమే అయినను, చేతికి వచ్చిన మేతను నమ్మలేకపోవుటయే దాని మూలము. తరువాత ఇత్తడి తూటా వచ్చినది. 1879లో జేమ్స్ పారిస్ లీ రైఫిలు క్రింద అమర్చి తీసివేయదగిన పెట్టెకు హక్కు పొందినాడు. 1893లో జర్మనీలో బోర్‌కార్టు పిస్తోలు వచ్చినప్పుడు ఆ పెట్టె పిడిలోనికే ప్రవేశించినది. కోటలోని మందుకొట్టు ఈ విధముగా అరచేతిలో ఇమిడినది.

కొట్టు చిన్నదైనను పాత చిక్కు తీరలేదు సరికదా, బిగిసినది. విశాఖ మన్యములో కొండవారు నాటుతుపాకికి కావలసిన మందును తామే నూరుకొనగలరు, గుండును తామే పోసికొనగలరు. ఇత్తడి తూటాను కొండపల్లెలో పోయుట సాధ్యము కాదు. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాలో 11 తుపాకులను, 1390 తూటాలను, మరునాడు కృష్ణదేవిపేటలో 7 తుపాకులను, 24న రాజవొమ్మంగిలో 8 తుపాకులను స్వాధీనము చేసికొన్నాడు. తీసికొన్నదంతా ఠాణా పుస్తకములో వ్రాసి సంతకము చేసినాడు. ఆయన ధైర్యమును కొనియాడేవారు ఈ లెక్కలోని ఇబ్బందిని గమనించరు. తుపాకులు 26, తూటాలు మొత్తము రమారమి 2500. అనగా తుపాకికి నూరు కూడ కావు. పేల్చిన ప్రతి తూటాకు బదులు మరల సర్కారు ఠాణాలోనే దొరకవలెను. సర్కారు ఆ సంగతిని త్వరలోనే గ్రహించినది. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరము ఠాణాలపైకి పోయినప్పుడు మొదటి మూడింటి వంటి రాబడి లేదు. 1924 మే 7న రాజు కాల్చివేయబడునాటికి ఆ తిరుగుబాటుకు ఉన్న ఇక్కట్లు అనేకములు. తూటాల కొరత వానిలో చిన్నది కాదు.

ఇక పిస్తోలు. రేడియో శ్రోతల ఇళ్ళలో పిస్తోలు ఉండదు, ఉండనక్కరలేదు. అయినను ఠాణాలో, ఖజానా కాపలాలో, గురిపోటీల మైదానములో అది ఉన్నది. అది సమయమునకు పలుకుట, పలుకకపోవుట ఒకరి ప్రాణమునకు సంబంధించినది. మన దేశములో సైన్యము, పోలీసులు ఎరిగిన తొమ్మిది మిల్లీమీటర్ల పిస్తోలు బ్రౌనింగు జాతిది. బ్రౌనింగు 1926లో మరణించగా, బెల్జియములో సైవ్ అనే శిల్పి దానిని పూర్తిచేసినాడు, 1935లో వెలువడినది. రెండు వరుసలుగా 13 తూటాలు పట్టే పెట్టె దాని విశేషము. రెండవ ప్రపంచ యుద్ధములో కెనడాలోని ఇంగ్లిస్ కర్మాగారము చైనా కొరకు దీనిని తయారుచేసినది. తరువాత మన ఈశాపూరు రైఫిలు కర్మాగారము ఆ కెనడా మాదిరినే చేపట్టినది. ఒకే పిస్తోలు, మూడు దేశముల చేతులు. పెట్టెలు కూడ అంతే.

పిస్తోలులో అన్నిటికంటె పలుచని భాగము ఈ పెట్టె. రేకుతో మలచిన గొట్టము, లోపల స్ప్రింగు, దాని పైన తూటాలను ఎత్తే పలక, పైన లోనికి వంచిన రెండు అంచులు. ఆ అంచుల ఎడము వెంట్రుకవాసి మారినచో తూటా ముక్కు పైకి లేస్తుంది లేదా క్రిందికి వ్రాలుతుంది, గొట్టములోనికి పోదు. రెండవ యుద్ధములో ఇంగ్లండు చౌకగా చేసిన స్టెన్ తుపాకికి ఇదే జబ్బు. పెట్టె 32 తూటాలకు చేసినదే అయినను, అనుభవజ్ఞులు రెండో నాలుగో తగ్గించి నింపుకొనేవారు. తుపాకి మంచిదే, పెట్టె మాత్రము నమ్మదగినది కాకపోయినది.

అందువలన పైనుండి కొన్న పెట్టెను చూచేటప్పుడు దాని మీది పేరు కంటె, అది ఎక్కడ తయారైనదన్నది ముందు అడుగవలసిన ప్రశ్న. ఇక్కడ ఒక వింత కలదు. ఇటలీలోని మెక్-గార్ అనే సంస్థ, పిస్తోలు కంపెనీలకే పెట్టెలు చేసి ఇచ్చును; తన పేరు మీద కూడ అమ్ముకొనును. అట్టి చోట అసలు, పరాయి అన్న భేదము పేరులోనే కాని వస్తువులో పెద్దగా ఉండదు. ఎవరు చేసినారో చెప్పలేని పెట్టె సంగతి వేరు. చవక అని కొనుట మాకు సమ్మతము కాదు. రేడియోలలో వాల్వులుండిన కాలములో, పేరు లేని వాల్వును అమర్చుకొని మంచి సెట్టును నిందించిన ఇళ్ళను మేము ఎరుగుదుము.

తరువాత చేతిపరీక్ష. పలకను వ్రేలితో నొక్కినచో అది ఒరగక నిటారుగా దిగి, వదలగానే ఎక్కడా పట్టుకొనక పైకి రావలెను. అంచులు రెండూ సమముగా ఉండవలెను. పెట్టె పిడిలో దూరి కొక్కెమునకు గట్టిగా తగులుకొనవలెను. బ్రౌనింగులో ఒక ప్రత్యేకత ఉన్నది: పెట్టె లోపల లేనిదే మీట పనిచేయదు, ఆ అమరిక రాపిడి వలన పాతవానిలో ఖాళీ పెట్టె తనంత తాను జారిపడదు. తెలియనివారు దానిని పెట్టె లోపమనుకొంటారు. చివరి తూటా పేలిన తరువాత పై భాగము వెనుకనే నిలిచినదా లేదా అన్నది మాత్రము పెట్టె పనియే; పలక దానిని ఆపవలెను.

ఇదంతా అయిన పిమ్మట మైదానములో పరీక్ష. డ్యూటీలో వాడే తూటాలనే, పెట్టె నిండా నింపి, ఒకసారి కాక పలుమార్లు పేల్చి చూడవలెను. వేరు రకము తూటాతో నెగ్గిన పెట్టె దీనితో తప్పవచ్చును. 1959 ఆయుధ చట్టములో ఆయుధమన్న మాటకు దాని భాగములు కూడ చేరినవి గనుక, ఈ పరీక్ష లైసెన్సు కలవారు, శాఖలోని ఆయుధపు మిస్త్రీలు చేయవలసినదే. అనుభవము కల మిస్త్రీ ప్రతి పెట్టె అడుగున ఒక అంకె వేస్తాడు. అంకె లేనప్పుడు తూటా ఇరుక్కొంటే పిస్తోలును విప్పుతారు, తుడుస్తారు, తిడతారు. అంకె ఉన్నప్పుడు మూడవ పెట్టెతో రెండుసార్లు ఇరుక్కొని, ఒకటవ, రెండవ పెట్టెలతో సాఫీగా నడచినదని చీటీలో కనబడుతుంది. మూడవదాని అంచులను సుత్తితో సరిచేసి మరల సంచిలో వేయడు. దానిపై ఎఱ్ఱ గీత గీసి, శిక్షణకు వాడే డొల్ల తూటాల పెట్టెలో పడవేస్తాడు.