భుజం గాయాలు: ఆపరేషన్ లేని వైద్యం

దెబ్బతిన్న భుజాన్ని కోత పెట్టకుండా మళ్లీ పనికి అలవాటు చేసే వైద్యం ఇది. కొద్దిపాటి విశ్రాంతి, నొప్పికి మందు, క్రమంగా పెంచే వ్యాయామం ఇందులో ప్రధానం.

కారణాలు: భుజం గుంతకు లోతు తక్కువ. అందుకే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది, సులువుగా జారుతుంది కూడా. ఎముక తలను గుంతలో నిలిపేవి రొటేటర్ కఫ్ అనే నాలుగు కండరాలు. నిజామాబాద్ జిల్లా ఇందల్వాయి ప్రాంతంలో 44వ జాతీయ రహదారిపై బైకు మీంచి పడ్డవారికి, చెరుకు మోపులు ఎత్తే కూలీలకు, పసుపు బస్తాలు మోసే హమాలీలకు ఈ గాయాల ముప్పు ఎక్కువ.

చికిత్స: తొలి రోజుల్లో ఐస్, నొప్పి మాత్రలు, అవసరమైతే చేతిని మెడకు వేలాడదీసే పట్టీ వాడతారు. పట్టీని వారాల తరబడి ఉంచితే కీలు బిగుసుకుపోతుంది. నొప్పి తగ్గగానే మంచి చేతిని మంచం పట్టెకు ఆనించి, ముందుకు వంగి, దెబ్బ చేతిని వేలాడదీసి చిన్న సున్నాలు చుట్టిస్తారు. తర్వాత వేళ్లతో గోడ ఎక్కించడం, కర్ర పట్టుకుని రెండు చేతులూ పైకెత్తడం, చివరికి రబ్బరు బ్యాండుతో బలం పెంచడం. దీనికి సుమారు 12 వారాలు పడుతుంది.

ఫలితాలు: దెబ్బ తగలకుండానే కఫ్ పూర్తిగా చిరిగిన 452 మందికి అమెరికాలో ఫిజియోథెరపీ ఇవ్వగా, రెండేళ్లలో ఆపరేషన్‌కు వెళ్లినవారు నాలుగో వంతుకన్నా తక్కువే. భుజం దగ్గర ఎముక విరిగి పక్కకు జరిగిన 250 మందిపై బ్రిటన్‌లో చేసిన అధ్యయనంలో (2015) రెండేళ్ల తర్వాత ఆపరేషన్ చేయించుకున్నవారికీ, పట్టీతో నయమైనవారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

బిగుసుకున్న భుజం: బోస్టన్ వైద్యుడు ఎర్నెస్ట్ కాడ్‌మన్ 1934లో దీనికి ‘ఫ్రోజెన్ షోల్డర్’ అని పేరు పెట్టారు. షుగరు ఉన్నవారిలో ఎక్కువ. తగ్గడానికి ఏడాది నుంచి మూడేళ్లు పట్టవచ్చు.

పరిమితులు: జారిన కీలును ఎక్స్‌రే తీయకుండా ఎవరితోనైనా లాగిస్తే ఎముక విరగవచ్చు, నరం దెబ్బతినవచ్చు. దెబ్బ తగిలిన వెంటనే చెయ్యి లేవకపోయినా, మొద్దుబారినా, చర్మం చీలి ఎముక బయటపడినా ఆసుపత్రికి వెళ్లడంలో ఆలస్యం చేయకూడదు. కీలు పదేపదే జారే యువకులకు ఆపరేషన్ అవసరం కావచ్చు. అప్పుడూ తర్వాతి నెలల్లో వ్యాయామం తప్పదు. గాయం తర్వాత తిరిగి రాణించడమూ సాధ్యమే: నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2017లో భుజం గాయంతో దాదాపు ఏడాది రింగుకు దూరమయ్యారు. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు.