పేరు కోసం గుడి తగలబెట్టినవాడు

ఏడు వింతల జాబితాని స్కూల్లో బట్టీ పట్టినవాళ్ళకి అందులో ఆర్టెమిస్ దేవాలయం ఒకటని గుర్తుండే ఉంటుంది. ఇప్పుడక్కడికెళ్తే కనబడేది ఒకే ఒక్క స్తంభం. అదీ దొరికిన ముక్కల్ని 1970లలో ఒకదాని మీద ఒకటి పేర్చి నిలబెట్టింది. చుట్టూ గడ్డి, నీళ్ళు నిలిచే పల్లం, స్తంభం నెత్తిన కొంగల గూడు. అంతే!

ఊరు ఎఫెసస్, నేటి టర్కీలో సెల్చుక్ పక్కన. తెలుగు బైబిల్లో ఎఫెసు, అర్తెమిదేవి అని చదివినవాళ్ళుంటారు. ఆ ఊరూ, ఆ దేవతా ఇవే.

క్రీ.పూ. 6వ శతాబ్దంలో లిడియా రాజు క్రీసస్ ఈ గుడికి భారీగా డబ్బిచ్చాడు. ప్లినీ లెక్క ప్రకారం 127 స్తంభాలు, ఒక్కోటి 60 అడుగుల ఎత్తు. భూకంపాల దెబ్బ తగలకూడదని కావాలనే చిత్తడి నేలలో కట్టారని కూడా ఆయనే రాశాడు. భూకంపాల సంగతి ఆలోచించారు గానీ, మనిషి సంగతి ఆలోచించలేదు.

క్రీ.పూ. 356లో హెరోస్ట్రాటస్ అనేవాడు దానికి నిప్పు పెట్టాడు. దోచుకోవడానికి కాదు, పగతోనూ కాదు. లోకమంతా తన పేరు చెప్పుకోవాలని! ఊరివాళ్ళకి ఒళ్ళు మండి, వాడి పేరు ఎవరూ ఎత్తకూడదని తీర్మానం చేశారు. కానీ థియోపాంపస్ అనే చరిత్రకారుడు ఆ పేరు రాసేశాడు. డిలీట్ కొట్టేలోపు ఎక్కడో బ్యాకప్ అయిపోయిందన్నమాట. ఇదిగో, 2300 ఏళ్ళు దాటాక నేనూ రాస్తున్నాను.

ఆ తర్వాతి కథ నాకింకా నచ్చుతుంది. అలెగ్జాండర్ వచ్చి, గుడి ఖర్చంతా నేను పెట్టుకుంటాను, శాసనం మీద నా పేరు వెయ్యండి అన్నాడట. ఒక దేవుడు ఇంకో దేవుడికి కానుకలివ్వడం ఏం బావుంటుంది స్వామీ అని ఊళ్ళో ఒకాయన మర్యాదగా తప్పించాడట. స్ట్రాబో రాసిన సంగతి ఇది. ఆడవాళ్ళు ఒంటిమీది నగలిచ్చారు, మిగతావాళ్ళు తమ సొంత ఆస్తులిచ్చారు, పాత స్తంభాలు అమ్మారు. గుడి మళ్ళీ లేచింది. ఆ నగలిచ్చినవాళ్ళలో ఒక్కరి పేరైనా మనకి తెలియదు.

క్రీ.శ. 3వ శతాబ్దంలో గోతులు ఈ రెండో గుడిని కొల్లగొట్టి తగలబెట్టారు. తర్వాత రాళ్ళు ఎవరికి కావలసినవి వాళ్ళు పట్టుకుపోయారు. నది తెచ్చిన ఒండ్రు మిగతాది కప్పేసింది. చివరికి అంత పెద్ద గుడి ఎక్కడుండేదో కూడా జనం మర్చిపోయారు.

దాన్ని వెతికింది జాన్ టర్టిల్ వుడ్ అనే ఇంగ్లీషాయన. రైల్వే స్టేషన్ల డిజైన్ పని మీద వచ్చి, 1863లో గుడి కోసం తవ్వకాలు మొదలుపెట్టాడు. ఏళ్ళు గడిచినా దొరకలేదు. 1866లో ఊరి థియేటర్లో ఒక పొడవైన శాసనం బయటపడింది. క్రీ.శ. 104 నాటిది. సలుటారిస్ అనే ధనవంతుడు దేవికి బంగారు, వెండి విగ్రహాలిచ్చి, ఊరేగింపులో వాటిని గుడి నుంచి ఏ ద్వారం గుండా తేవాలో, ఏ ద్వారం గుండా తీసుకెళ్ళాలో రాయించాడు. వుడ్ ముందు మాగ్నీషియా ద్వారం కనుక్కున్నాడు. అక్కణ్ణించి, లాగ్ ఫైల్ పట్టుకుని బగ్ వెతికినట్టు, ఆ దారి వెంటే తవ్వుకుంటూ పోయాడు. 1869 డిసెంబర్ 31న, దాదాపు 20 అడుగుల లోతులో గుడి చలువరాతి నేల తగిలింది.

సలుటారిస్‌కీ పేరు మీద ఆశ ఉండే ఉంటుంది, లేకపోతే అంత పెద్ద శాసనం ఎందుకు? ఆ ఆశ తప్పని నేననను. హెరోస్ట్రాటస్‌కున్నదీ అదే ఆశ. తేడా అల్లా, ఒకడు గుడిని బూడిద చేశాడు, ఇంకొకడు రాయించిన దారి పదిహేడు వందల ఏళ్ళ తర్వాత అదే గుడికి చేర్చింది. అయినా జనానికి తెలిసిన పేరు మొదటివాడిదే. పేరు కోసం తుపాకీ పట్టుకుని జనం మీద పడేవాణ్ణి ఈ రోజుల్లోనూ చూస్తున్నాం. వాడి ఫోటో టీవీలో రోజంతా తిప్పుతాం, పోయినవాళ్ళని మాత్రం ఒక అంకెగా చెప్పి వదిలేస్తాం.

ఎఫెసస్ వాళ్ళు చేసిన తీర్మానం పని చెయ్యలేదు, నిజమే. కానీ వాళ్ళు అక్కడితో ఆగలేదు కదా, నగలమ్మి గుడి కట్టారు. నా దృష్టిలో హెరోస్ట్రాటస్‌కి అసలైన జవాబు ఆ తీర్మానం కాదు, ఆ నగలు.