రెండు కాగితాల నడుమ మన పిల్లలు

పల్నాటి చరిత్ర అనగానే కారంపూడి యుద్ధం, నాగమ్మ, బ్రహ్మనాయుడు, చాపకూడు గుర్తుకొస్తాయి. ఆ తర్వాత 1922లో పుల్లరి కట్టబోమన్నందుకు ప్రాణం ఇచ్చిన కన్నెగంటి హనుమంతు గుర్తుకొస్తాడు. మేము ఇక్కడ చెప్పబోయేది కాగితాల చరిత్ర. మన తండాలో, మన చెంచుగూడెంలో, మన ఎరుకల కాలనీలో కాలో కన్నో చెవో సరిగా లేని ఒక పిల్ల ఇంటర్ పాసై డిగ్రీకి వెళ్లాలంటే ఆమె చేతిలో రెండు కాగితాలు ఉండాలి. ఒకటి నువ్వు గిరిజనురాలివి అని చెప్పేది. రెండోది నువ్వు వికలాంగురాలివి అని చెప్పేది. ఈ రెండూ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు పోరాటాల వల్ల, వేర్వేరు ఆఫీసుల్లో పుట్టాయి. అందుకే ఆ పిల్ల రెండింటి నడుమ నలిగిపోతోంది.

మొదటి కాగితం సంగతి చూద్దాం. ప్రభుత్వాలు మనల్ని కాగితం మీదికి ఎక్కించింది మొదట మేలు చేయడానికి కాదు. 1871లో తెల్లదొరలు నేరజాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశారు. అప్పటి గుంటూరు జిల్లా మద్రాసులో భాగం. ఎరుకల పేర్లు పోలీసు రిజిస్టర్లలోకి ఎక్కాయి, వేలిముద్రలు తీసుకున్నారు. స్టూవర్టుపురం, సీతానగరం సెటిల్మెంట్లు ఆ కాలంలో వచ్చినవే. మద్రాసులో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952లో పోయింది. మన తాతలు కాగితం చూస్తే భయపడింది ఊరికే కాదు.

రాజ్యాంగం వచ్చాక 1950లలో ఆంధ్ర ప్రాంతపు షెడ్యూల్డ్ తెగల జాబితాల్లోకి చెంచు, సుగాలి, యానాది, ఎరుకల పేర్లు చేరాయి. కృష్ణకు అవతలి గట్టున తెలంగాణలో లంబాడీలు, ఎరుకలు, యానాదులు 1976 చట్టం వచ్చేదాకా ఆగారు. మరో తేడా కూడా ఉంది. అవతలి గట్టున అమ్రాబాద్ చెంచుల నేల షెడ్యూల్డ్ ప్రాంతం. ఇవతల వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి వైపు నల్లమల అంచున ఉన్న మన నేల కాదు. ఇక్కడి చెంచులకు ఐటీడీఏ ఉన్నది శ్రీశైలంలో. మైదానపు తండాల వాళ్లు జిల్లా గిరిజన సంక్షేమ శాఖ దగ్గరికి పోవాలి. ఒకే కాలేజీలో చదివే ఇద్దరు గిరిజన పిల్లలు రెండు దారుల్లో అడగాల్సి రావడానికి కారణం ఇదే.

పదో తరగతి తర్వాత చదువుకిచ్చే పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పు స్వాతంత్ర్యానికి ముందే, 1944లో, దళిత విద్యార్థులకు మొదలైంది. గిరిజనులకూ ఆ దారి తెరిచారు. మన ఇళ్లలో మొదటి డిగ్రీలు, మొదటి టీచరు ఉద్యోగాలు చాలావరకు ఆ డబ్బు పుణ్యమే. అయితే ఆ పథకం నిబంధనల్లో మనలో ఎక్కువమంది చదవని భాగం ఒకటి ఉంది. అది వికలాంగ విద్యార్థులకు అదనంగా ఇవ్వాల్సిన భత్యాల గురించినది.

కేంద్రం 2010లో గిరిజన విద్యార్థుల పథకాన్ని సవరించినప్పుడు ఆ భత్యాలు ఇలా ఉన్నాయి. చూపులేని విద్యార్థికి పాఠం చదివి వినిపించే మనిషి కోసం కోర్సును బట్టి నెలకు 160 నుంచి 240 రూపాయలు. కాలేజీ హాస్టల్లో ఉండని వికలాంగ విద్యార్థికి రాకపోకల కోసం నెలకు 160 వరకు. కాళ్ల వైకల్యం తీవ్రంగా ఉండి ఇంటి నుంచి వచ్చిపోయే విద్యార్థికి తోడు వచ్చే మనిషి కోసం 160. హాస్టల్లో ఉండేవాళ్లకైతే, సాయం చేయడానికి ముందుకొచ్చిన హాస్టలు ఉద్యోగికి 160. బుద్ధిమాంద్యం, మానసిక వ్యాధి ఉన్నవాళ్లకు అదనపు పాఠాల కోసం 240.

ఈ డబ్బు తక్కువే. మాచర్ల నుంచి ఎటు వెళ్లినా నెలకు 160 రూపాయలు బస్సుకు చాలవు. కానీ ఇందులో ఒక ఒప్పుకోలు ఉంది. వికలాంగ గిరిజన విద్యార్థి ఖర్చు అందరి ఖర్చులాంటిది కాదని, తోడు మనిషికీ చదివి పెట్టే మనిషికీ కూడా డబ్బు కావాలని ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకుంది. ఒప్పుకున్నదాన్ని అడగడం సులువు. రేటు పెంచమని కోరడానికి కూడా అదే ఆధారం. ఎవరూ అడగని భత్యాన్ని మాత్రం ఎవరూ పెంచరు.

ఇక రెండో కాగితం. మన వైకల్యాలకూ ఒక చరిత్ర ఉంది. వినుకొండకు ఆనుకుని ఉన్న దర్శి, పొదిలి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు జిల్లావి. నీళ్లలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు వంగిపోతున్నాయని ఈ దేశంలో మొదట తేల్చింది ఆ జిల్లాలోనే, 1937లో. ఆ నీటి బాధ మన బొల్లాపల్లి, వినుకొండ వైపు కూడా ఉంది. పోలియో ఒక తరం కాళ్లను తీసుకుపోయింది. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో బెంగాల్లో నమోదైంది. ఇవి కాక తేనె కోసం కొండ అంచున వేలాడే చెంచులు ఉన్నారు, నాపరాయి క్వారీల్లో, సున్నపు బట్టీల్లో పనిచేసే కూలీలు ఉన్నారు. వీటిలో ఏదీ పూర్వజన్మ పాపం కాదు. నీళ్లు, టీకా, పని, రోడ్డు సరిగా లేకపోవడం వల్ల వచ్చినవే ఎక్కువ.

పేర్లు మాత్రం మారుతూ వచ్చాయి. ఊళ్లో కుంటోడు, గుడ్డిది, అవిటోడు అన్నారు. ప్రభుత్వం వికలాంగులు అంది, తర్వాత విభిన్న ప్రతిభావంతులు అంది, దివ్యాంగులు అంది. పేర్ల కన్నా చట్టాలు ముఖ్యం. ఐక్యరాజ్యసమితి 1981ని వికలాంగుల సంవత్సరంగా ప్రకటించింది. దేశంలోని వికలాంగుల ఉద్యమాల ఒత్తిడితో 1995 చట్టం వచ్చింది. అందులో గుర్తించిన వైకల్యాలు ఏడు, రిజర్వేషను 3 శాతం. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఆ ఏడింటిని 21 చేసింది. సికిల్‌సెల్ వ్యాధి, తలసేమియా కూడా అందులో చేరాయి. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, గరిష్ఠ వయసులో ఐదేళ్ల సడలింపు ఇచ్చింది. ఆ సీట్లు నింపి తీరాలని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఇక్కడ ఒక గండి ఉంది. అదే చట్టం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు అంది. పుస్తకాలు, పరికరాలు ఉచితంగా ఇవ్వడం కూడా 18 ఏళ్ల వరకే. స్కాలర్‌షిప్పు దగ్గరికి వచ్చేసరికి తగిన సందర్భాల్లో ఇవ్వాలి అని మాత్రమే రాసింది. డిగ్రీ మొదలయ్యేది సరిగ్గా ఆ వయసులోనే. అంటే బడి దాకా హక్కు, కాలేజీ నుంచి దరఖాస్తు. దరఖాస్తు సంగతి మనం ఇంత గట్టిగా పట్టించుకోవాల్సింది అందుకే.

కేంద్రంలోని వికలాంగుల శాఖ 2014 నుంచి సొంతంగా ఒక పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పు ఇస్తోంది. దేశమంతటికీ కలిపి ఏటా సుమారు 17 వేల మందికే. కనీసం 40 శాతం వైకల్యం, తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉండాలని షరతు. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి. రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తు జ్ఞానభూమిలో నడిచింది. పీహెచ్‌డీ చేసేవాళ్లకు గిరిజనులకు ఒకటి, వికలాంగులకు ఒకటి చొప్పున రెండు వేర్వేరు ఫెలోషిప్పులు ఉన్నాయి.

మన పిల్లలు పడిపోయేది ఈ రెండు దారులు కలిసే చోటే. ఒక స్కాలర్‌షిప్పు తీసుకుంటే అలాంటిదే మరొకటి తీసుకోకూడదు. అందువల్ల ఎస్టీ అబ్బాయికి ఎస్టీది వస్తుంది కదా, ఇంకేం కావాలి అని కౌంటరు దగ్గర తిప్పి పంపేస్తారు. కానీ ఎస్టీ పథకం నిబంధనల్లోనే ఒక గమనిక ఉంది. ఆ పథకంలో లేని అదనపు ప్రయోజనాలను వికలాంగ గిరిజన విద్యార్థి ఇతర పథకాల నుంచి పొందవచ్చని అది చెబుతుంది. అంటే నిర్వహణ ఖర్చు రెండు చోట్ల తీసుకోకూడదు గానీ మూడు చక్రాల బండికో, వినికిడి యంత్రానికో, ల్యాప్‌టాప్‌కో దరఖాస్తు పెట్టడానికి అది అడ్డం కాదు. ఏ స్కాలర్‌షిప్పు మేలో ముందే రెండింటినీ పక్కపక్కన పెట్టి లెక్క వేసుకోవాలి. ఫీజు ఎక్కువున్న కోర్సుకు ఒకటి మేలు కావచ్చు, ఫీజు లేని కోర్సుకు మరొకటి.

కాగితం కోసం నడిచిన దూరం కూడా చరిత్రే. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడేదాకా మాచర్ల వాళ్లకు జిల్లా కేంద్రం గుంటూరు, నూరు కిలోమీటర్లకు పైనే. ఇప్పుడు నరసరావుపేట దగ్గరైంది. అయినా మాచర్ల రైలు నడికుడి, పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా గుంటూరుకే పోతుంది. నరసరావుపేటకు బస్సే దిక్కు. నడవలేని పిల్లతో తండా నుంచి మెడికల్ బోర్డు దాకా పోవాలంటే ఇద్దరి కూలి పోతుంది, ఆటో ఖర్చు అదనం. స్లాటు వాయిదా పడితే మళ్లీ అంతా మొదలు.

ఇంకో చిక్కు మన ఇళ్లలోనే ఉంది. సదరం అంటే పింఛను కాగితమని పేరు పడింది. 2019లో 3000, 2024లో 6000 రూపాయలు అయిన ఆ పింఛను ఇంటిల్లిపాదికీ ఆసరా, కాదనం. కానీ అదే సర్టిఫికెట్ సీటుకూ, స్కాలర్‌షిప్పుకూ, పరీక్షలో అదనపు సమయానికీ, రాసిపెట్టే మనిషికీ ఆధారం. పింఛను రాదని సర్టిఫికెట్టే తీసుకోకుండా ఊరుకున్న కుటుంబాలున్నాయి. ఆ కాగితం చదువుకు కూడా పనికొస్తుందని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

అందుకని టీచర్లకు, చదువుకున్న తమ్ముళ్లకు చెల్లెళ్లకు మేము చెప్పేది ఇది. పిల్ల తొమ్మిదో తరగతిలో ఉండగానే సచివాలయంలో సదరం స్లాటు కోసం అడగండి. ఇంటర్ ఫలితాల దాకా ఆగితే గడువు దాటుతుంది. సదరంతో పాటు యూడీఐడీ కార్డు కూడా తీయించండి, కేంద్ర పథకాలకు ఇప్పుడు ఆ నంబరు కావాలి. ఆధార్, కుల ధ్రువపత్రం, సదరం, బ్యాంకు పుస్తకం నాలుగింటిలోనూ పేరు, పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయా చూడండి. ఒక చోట నాయక్, ఇంకో చోట నాయక్ లేకుండా, ఒక చోట బాయి, ఇంకో చోట బాయి లేకుండా ఉన్న పేర్ల వల్లే మన దరఖాస్తులు ఎక్కువగా ఆగుతాయి.

కాలేజీలో చేరాక ప్రిన్సిపాలు పేరిట తెల్లకాగితం మీద ఒక అర్జీ రాయండి. రాకపోకల భత్యం, చదివిపెట్టే మనిషి భత్యం, తోడు మనిషి భత్యం అని విడివిడిగా రాయండి. ఒక నకలు మీద స్వీకరించినట్టు ముద్ర వేయించుకోండి. ఈ ఏడాది నిబంధనల ప్రతి అడిగి తీసుకోండి, ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. కుదరదు అంటే ఆ మాట కాగితం మీద ఇమ్మనండి. నోటితో చెప్పిన కాదనడాన్ని ఎవరి ముందూ పెట్టలేము. రాసిచ్చిన దాన్ని సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులో పెట్టొచ్చు, 2016 చట్టం కింద ఉండే వికలాంగుల కమిషనర్‌కు పంపొచ్చు.

మన పేర్లు పోలీసు రిజిస్టర్లో ఎక్కినప్పుడు మనల్ని ఎవరూ అడగలేదు. స్కాలర్‌షిప్పు జాబితాలో ఎక్కాలంటే మాత్రం మనమే అడగాలి. ఈ వేసవిలో ప్రతి తండాలో, ప్రతి గూడెంలో ఒక నోటుబుక్కు తెరవండి. పదో తరగతి దాటిన వికలాంగ పిల్లల పేరు, కోర్సు, చేతిలో ఉన్న కాగితం, లేని కాగితం అందులో రాయండి. కాలేజీలు తెరిచేలోపు లేని కాగితాల గడి ఖాళీ అయ్యేలా చూద్దాం.