అట్టపెట్టె మీది పెద్ద అక్షరాలు



ముఖానికి రాసుకునే క్రీము కొనబోతే డబ్బా మీద ‘సహజం’, ‘సున్నితం’, ‘చర్మ వైద్యులు పరీక్షించినది’, ‘హైపోఅలర్జెనిక్’ అంటూ రంగురంగుల అక్షరాలు కనబడతాయి. బియ్యంలో రాళ్ళు ఏరినంత శ్రద్ధగా మనం ఈ మాటలను ఏరుతున్నామా? వీటి వెనక చాలా చరిత్ర ఉన్నది. అది కొంచెం తెలిస్తే అంగట్లో నిలబడినప్పుడు పనికొస్తుంది.

ముందుగా ఫ్రాన్సు సంగతి. 1898లో క్యూరీ దంపతులు రేడియం కనిపెట్టాక ఆ మాట మీద జనానికి మహా మోజు పుట్టింది. 1930ల మొదట్లో ‘థో-రేడియా’ అనే క్రీములు, పౌడర్లు బజారులోకి వచ్చాయి. థోరియం, రేడియం కలిపినవని గర్వంగా చెప్పుకుని, డాక్టర్ ఆల్ఫ్రెడ్ క్యూరీ పేరు పెట్టి అమ్మారు. ఆ క్యూరీకీ మేడమ్ క్యూరీ కుటుంబానికీ ఏ చుట్టరికమూ లేదు! ఒంటికి హాని చేసే పదార్థాన్నే అందం పేరు చెప్పి అమ్మారన్నమాట.

ఆ రోజుల్లోనే అమెరికాలో ‘లాష్ ల్యూర్’ అని కనురెప్పలకు, కనుబొమలకు వేసే రంగు ఒకటి ఉండేది. కంటికి కొత్త అందం వస్తుందని ప్రకటనలు. అందులో ఉన్నది పారాఫినైలిన్ డయమీన్ అనే రసాయనం. 1933 నాటికి కొందరు స్త్రీలకు కళ్ళు పుండ్లుపడి చూపే పోయింది. ఒకామె ప్రాణం కూడా పోయింది. ఇంత జరిగినా ప్రభుత్వం చేతులు కట్టుకుని చూడవలసి వచ్చింది. ఎందుకంటే అక్కడి 1906 నాటి చట్టంలో ఆహారం, మందులే ఉన్నాయి గాని అలంకరణ సామగ్రి ఊసే లేదు. చివరికి 1938లో కొత్త చట్టం వచ్చాక గాని ఆ రంగును పట్టుకోలేకపోయారు.

ఈ కథ మనకెందుకు అంటారేమో. ఈసారి తలకు వేసే రంగు పెట్టె కొన్నప్పుడు వెనకవైపు చిన్న అక్షరాలు చూడండి. ముందుగా చర్మం మీద పరీక్షించుకోవాలనీ, కనురెప్పలకు, కనుబొమలకు వాడితే గుడ్డితనం రావచ్చనీ రాసి ఉంటుంది. ఆ హెచ్చరిక ఇంగ్లీషుతోపాటు స్థానిక భాషల్లో కూడా వెయ్యాలని మన దేశపు నిబంధన. అంటే ముందువైపు పెద్ద అక్షరాలు సరుకు అమ్మడానికి వేసినవి, వెనకవైపు చిన్న అక్షరాలు ఆడవాళ్ళ కళ్ళు పోతే వచ్చినవి. మనమేమో పెద్దవి చదివి చిన్నవి వదిలేస్తాం.

ఇక ‘హైపోఅలర్జెనిక్’. ‘హైపో’ అంటే తక్కువ అని అర్థం. దురద, దద్దురు తక్కువగా రావచ్చునని మాత్రమే అంటున్నారు, అసలు రాదనలేదు. మరి దేనికన్నా తక్కువ? అమెరికా ప్రభుత్వ ఔషధ శాఖ 1975లో ఇదే ప్రశ్న వేసింది. ఆ మాట వాడాలంటే మిగతా సరుకులతో పోల్చి, మనుషుల చర్మం మీద పరీక్షలు చేసి రుజువు చూపాలని నియమం పెట్టింది. ఆల్మే, క్లినిక్ అనే రెండు కంపెనీలు కోర్టుకు వెళ్ళాయి. 1977 డిసెంబరులో వాషింగ్టన్‌లోని అప్పీలు కోర్టు ఆ నియమాన్ని కొట్టేసింది. నాటి నుంచి అక్కడ ఆ మాటకు చట్టం చెప్పే అర్థమంటూ లేదు. ఎవరికి తోచిన అర్థం వారిదే.

మన దేశానికి వద్దాం. 1975లో ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ వచ్చింది. తెల్లబడితేనే పెళ్ళి, తెల్లబడితేనే ఉద్యోగం అన్నట్టు ప్రకటనలు ఏళ్ళ తరబడి నడిచాయి. చామనచాయ పిల్లలున్న తల్లులకు ఆ బాధ తెలుసు. 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి, నల్లగా ఉన్నవారిని తక్కువచేసి చూపరాదని మార్గదర్శకాలు ఇచ్చింది. 2020లో క్రీము పేరు ‘గ్లో అండ్ లవ్లీ’గా మారింది. మంచిదే. కాని ‘గ్లో’ ఎంతో కొలిచే సోల గాని తవ్వ గాని ఎక్కడా లేదు కదా!

‘సహజం’ అన్న మాటా అంతే. నల్లజీడి గింజ చెట్టున కాసిందే. చాకళ్ళు బట్టల మీద గుర్తులు పెట్టిన ఆ రసం చర్మానికి తగిలితే పొక్కిపోతుంది. చెట్టున పుట్టినదల్లా ఒంటికి మేలు చేస్తుందనుకోవడం పొరపాటు.

అందుకని అమ్మలూ, కొనేముందు డబ్బా తిప్పి చూడండి. ఏమేమి కలిపారో, ఎవరు తయారుచేశారో, ఎప్పటివరకు వాడవచ్చో చదవండి. చిరునామా లేని తెల్లబరిచే క్రీములు అసలు ముట్టుకోవద్దు. పాదరసం కలిపినవి కూడా వాటిలో ఉంటాయి. కొత్తది ఏదైనా మోచేతి మడతలో కొంచెం రాసి, ఒకటి రెండు రోజులు చూడండి. తలరంగు అయితే పెట్టెలో చెప్పిన పరీక్ష చేసుకోనిదే వెయ్యవద్దు. కళ్ళజోడు కావలసివస్తే పెట్టుకునైనా ఆ చిన్న అక్షరాలు చదవండి. పిల్లల చేత కూడా చదివించండి.